నా ఎడమకాలి ఎముక అతికిన వైనం

మా ఇంటి వెనక స్నానాల గది ముందు గచ్చు వానాకాలంలో పాచి పట్టేది. అక్కడ జారిపడి నా ఎడమకాలు విరిగింది. డెబ్బైల చివర్లో మాట. అప్పుడు మేము కంచరపాలెంలో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. నేను రేవుకి దగ్గర్లో ఒక షిప్పింగు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు.

విరిగింది పోలియో కాలు. రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి తగ్గాక ఆ కాలు ఎదగడం మానేసింది. తొడ చేతి మందాన ఉండేది, పిక్క అంతకన్నా సన్నం. పగలంతా కాలిపర్ వేసుకునేదాన్ని. రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బరువైన బూటు. అది ఉంటే కాలు కర్రలా నిలబడేది, నేను నడిచేదాన్ని. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం అది విప్పేసి, గోడ పట్టుకుని, తొడ మీద అరచెయ్యి ఆనించి మోకాలిని వెనక్కి నొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. చిన్నప్పట్నించీ అలవాటే. ఆ రోజు చెయ్యి జారింది. మోకాలు మడతపడిపోయింది. పడ్డాక చూస్తే మోకాలికీ చీలమండకీ మధ్య కాలు పక్కకి వంగి ఉంది.

నొప్పికి గట్టిగా ఏడ్చేశాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది. వెనకే పక్కింటావిడ వచ్చింది. ఆవిడ మంచిదే, నన్ను లేపడానికి ముందుగా చెయ్యేసింది కూడా ఆవిడే. కానీ నా ఏడుపు చూసి ఆశ్చర్యపోయింది.

"అది సచ్చు కాలు కదే. దానికీ నొప్పుంటాదేటి?"

చాలామంది అలాగే అనుకునేవారు. పోలియో కాలికి కదలిక పోతుంది గానీ స్పర్శ పోదు. చీమ కుట్టినా తెలుస్తుంది, చలేసినా తెలుస్తుంది. ఎముక విరిగితే అందరికీ తెలిసినట్టే తెలుస్తుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పే స్థితిలో నేను లేను. అమ్మే చెప్పింది, "సచ్చు కాలేటి, దాని కాలు అది" అని. అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

రిక్షాలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక సరిచేసి, తొడ దాకా పిండికట్టు వేశారు. కదలకుండా పడుకోమన్నారు. పడుకున్నాను.

మా ఇంట్లో ఎముక విరగడం కొత్త కాదు. అంతకు రెండేళ్ళ ముందు రేవులో ఇనుప తాడు తెగి తగలడంతో నాన్న ముంజేయి విరిగింది. ఆయన కట్టుతోనే సైకిలెక్కాడు, కట్టుతోనే బజారు చేశాడు, ముద్ద కలుపుకుని తిన్నాడు, కోపమొస్తే ఆ చేత్తోనే బల్ల గుద్దాడు. నెలన్నర తిరక్కుండా కట్టు విప్పారు. మళ్ళీ క్రేన్ ఎక్కాడు. అందుకని నాకు కూడా అంతే పడుతుందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆఫీసులో కూడా అదే చెప్పి సెలవు పెట్టాను.

నెలన్నరకి ఎక్స్‌రే తీశారు. అతకలేదు. మళ్ళీ కట్టు వేశారు. ఆ తర్వాత తీసిన ఎక్స్‌రేలోనూ విరిగిన చోట నల్లటి గీత అలాగే ఉంది. చలికాలం వచ్చేసింది. సెలవు అయిపోయి జీతం లేని సెలవులో పడ్డాను. నా కుర్చీలో తాత్కాలికంగా ఒక అమ్మాయిని కూర్చోబెట్టారని తెలిసింది. మంచం మీద పడుకుని, రేవులోంచి వచ్చే ఓడల కూతలు విని, ఏ ఓడ వచ్చి ఉంటుందో, ఆ ఓడ తాలూకు ఫోన్లు ఎక్కడెక్కణ్ణించి వస్తుంటాయో ఊహించుకునేదాన్ని. నేను ఏడ్చింది ఆ కాలు గురించి కాదు, ఆఫీసులో నా టెలిఫోన్ బోర్డు గురించి.

ఆ రోజుల్లోనే మా మావయ్య ఎలమంచిలి దగ్గర ఊరి నుంచి వచ్చాడు. అమ్మకి అన్నయ్య. వ్యవసాయం మనిషి, సూటిగా మాట్లాడతాడు. వచ్చేటప్పుడు బెల్లం, కంది పప్పు తెచ్చాడు. భోజనాలయ్యాక వాకిట్లో నాన్నతో అన్నాడు.

"బావా, నాను సెప్పీది ఇను. ఆ కాలు ఇరక్కముందే పనికిరాలేదు. ఇప్పుడు అతికినా ఏటి లాబం? తీయించీసి కర్రకాలు ఎట్టించు. పిల్ల సుకపడతాది."

నాన్న బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పనికిరాకపోడమేటి బావా. ఆ కాలుమీద నిలబడే కదా అది స్కూలికెళ్ళింది, ఉజ్జోగం తెచ్చుకుంది. దాన్నే అడుగుదాం."

ఇద్దరూ లోపలికి వచ్చారు. నేను అంతా విన్నానని వాళ్ళకి తెలుసు, మా ఇంటి గోడలు అలాంటివి. నేను చెప్పాను, "డాక్టరు తియ్యక తప్పదంటే తీయించుకుంటాను మావయ్యా. అప్పటిదాకా దాన్ని ఎవరూ పనికిరానిది అనొద్దు." మావయ్య నొచ్చుకోలేదు. నా తల నిమిరి, "సరేనమ్మా, నీ ఇట్టం" అన్నాడు.

తర్వాతి సారి ఆసుపత్రికి నాన్న సెలవు పెట్టి మరీ వచ్చాడు. ఎముకల డాక్టరు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన, నలభై లోపే ఉంటాయి. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, ఎన్నాళ్ళుగానో మనసులో పెట్టుకున్న ప్రశ్న అడిగేశాడు.

"బాబూ, నా సెయ్యి నెలన్నరలో అతికిపోనాది. నాకు దీనికి రెండింతలు వయసు. మరి దీని కాలు ఎందుకు అతకదు?"

ఆయన విసుక్కోలేదు. నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, "పిడికిలి బిగించండి" అన్నాడు. నాన్న బిగించాడు. ముంజేతి కండ ఉబ్బింది.

"చూశారా? ఈ కండ కొసలు ఎముకకి పట్టుకుని ఉంటాయి. మీరు బిగించినప్పుడల్లా అది ఎముకని లాగుతుంది. చుట్టూ నెత్తురు పారేలా చేస్తుంది. కట్టులో ఉన్నా మీరు వేళ్ళు ఆడించారు, పనులు చేశారు. తన మీద పని పడుతోందని ఎముకకి తెలుస్తుంటేనే అది గట్టిపడుతుంది. మీ అమ్మాయి కాల్లో లాగే కండ లేదు. చిన్నప్పట్నించీ ఎముక కూడా సన్నంగానే పెరిగింది. పైగా ఇన్నాళ్ళూ పడుకోబెట్టేశాం, బరువు కూడా పడలేదు. విరిగిన రెండు కొసలూ ఊరికే ఎదురెదురుగా ఉండిపోయాయి."

"అయితే పోలియో కాలు ఇరిగితే ఇంతేనా బాబూ?"

"అలా ఏం లేదు. బాగా అతికినవీ చూశాను. ఈ అమ్మాయిది అతకలేదు. తుంటి ఎముకలోంచి ముక్కలు తీసి అక్కడ పేర్చి చూడొచ్చు. అదీ పట్టకపోతే అప్పుడు తియ్యడం గురించి ఆలోచిద్దాం." తర్వాత నా వైపు తిరిగాడు. "ఆపరేషన్ నేను చేస్తాను. దాన్ని నిలబెట్టుకోవడం మీ వంతు. చేస్తారా?"

చేస్తానన్నాను. ఏం చెయ్యాలో అప్పటికి నాకు తెలియదు.

అది చెప్పింది ఫిజియోథెరపీ మేడమ్. సన్నగా, పొడుగ్గా, తెల్లకోటు జేబులో ఎప్పుడూ రిస్టువాచీ పెట్టుకుని తిరిగేది. కృష్ణా జిల్లా మాట. ఆపరేషన్‌కి ముందు పాత కట్టు కోసి తీశాక, పొట్టు రాలుతున్న ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మ తప్ప ఇంకొకరు ఆ కాలిని అలా ఒళ్ళో పెట్టుకోవడం నేనెరగను. పిక్క మీద రెండు వేళ్ళు ఆనించి, "పాదంతో నా చేతిని కిందికి నెట్టు" అంది.

"అది కదలదండీ."

"కదలక్కర్లేదు. నెట్టాలని ప్రయత్నించు."

ప్రయత్నించడం ఎలాగో నాకు తెలియలేదు. కుడి పాదం నెట్టాను, ఎడమది కూడా నెడుతున్నట్టు ఊహించుకున్నాను. పళ్ళు బిగుసుకున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళ కింద వెతుకుతోంది. మళ్ళీ అంది, మళ్ళీ చేశాను. అలా చాలాసేపయ్యాక కళ్ళు తెరిచింది.

"ఉంది," అంది.

నా వేళ్ళు తీసుకుని అదే చోట పెట్టింది. నేను నెట్టాను. చర్మం కింద ఏదో సన్నగా, చేప పిల్ల తోక ఆడించినట్టు కదిలింది. పాదం మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు. కానీ లోపల ఎవరో ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ కాలిని ఎవరూ ఏ పనీ అడగలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఇన్నేళ్ళకి అది జవాబిచ్చింది. నాకు నవ్వొచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంత చిన్నది ఎముకని లాగుతాదా అమ్మా?" అని మేడమ్‌ని అడిగింది.

"ఎంత లాగుతుందో నాకూ తెలీదమ్మా. ఉన్నదాంతో పని చేయిద్దాం. అంతకన్నా ముఖ్యం నిలబడటం. కండ చెయ్యలేని పని కొంత శరీరం బరువు చేస్తుంది."

ఆపరేషన్ జరిగింది. తుంటి దగ్గర కోసిన చోటే ఎక్కువ నొప్పి పెట్టింది. కొన్ని వారాల తర్వాత పెద్ద కట్టు తీసేసి, మోకాలి కింద ఒంపుల్ని పట్టి ఉండేలా కొత్తది వేశారు. అడుగున రబ్బరు మడమ పెట్టారు. మోకాలు వంగకుండా పైన తోలు పట్టీలతో కడ్డీలు బిగించారు. ఇక నిలబడమన్నారు.

ఇంట్లో వరండాలో నాన్న రెండు వైపులా వెదుళ్ళు కట్టాడు. మొదటిసారి వాటి మధ్య నిలబెట్టినప్పుడు అమ్మ నా నడుం వదల్లేదు.

"బరువెయ్యకే. మళ్ళీ ఇరిగిపోద్దేమో."

"నిలబడకపోతేనే అతకదంట అమ్మా. మేడమ్ సెప్పింది కదా."

"ఆవిడికేటి, సెప్తాది. ఇరిగితే మోసీది నాను కదా."

"నువ్వు మొయ్యక్కర్లేదు. వదులు."

వదిలింది. ముందు కుడికాలి మీదే ఉన్నాను. తర్వాత కొద్దికొద్దిగా ఎడమ వైపు ఒరిగాను. విరిగిన చోట ఒక మొద్దు నొప్పి, లోపలెక్కడో వేలు పెట్టి నొక్కినట్టు. ఆ నొప్పికి భయపడాలా సంతోషించాలా తెలియలేదు. చెమట కారింది. వాకిట్లో నాన్న బీడీ ముట్టించుకోవడం మర్చిపోయి చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. పడలేదు. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

అది మొదలు, వంటవుతున్నంతసేపూ నిలబడేదాన్ని. రేడియోలో వార్తలు చదువుతున్నంతసేపూ నిలబడేదాన్ని. పక్కింటావిడ కూరగాయలు తరుగుతూ నాకు తోడు కూర్చునేది. ఒకసారి ఆవిడే, "నానోపాలి సూడొచ్చా?" అని అడిగి, మోకాలి వెనక కట్టు పై అంచు దగ్గర వేళ్ళు పెట్టింది. అక్కడ కూడా కొంచెం తెలిసేది. నేను బిగించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "కదుల్తందే" అంది మెల్లగా. ఆ తర్వాత ఆ కాలిని సచ్చు కాలని ఎప్పుడూ అనలేదు.

నడవగలిగాక ఆఫీసుకి వెళ్తానన్నాను. డాక్టరు వెళ్ళమన్నాడు, ఇంట్లో వద్దన్నారు. మా ఆఫీసు మేడ మీద. పాతకాలం కట్టడం, ఎత్తైన చెక్క మెట్లు. చంకకర్రలతో నేల మీద నడవడం వచ్చింది గానీ ఆ మెట్లు ఎక్కడం నా వల్ల కాదు. మొదటిరోజు నాన్న రిక్షాలో దించాడు. కింద ఇద్దరు అటెండర్లు కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు, నన్ను కూర్చోబెట్టి మోసుకెళ్ళడానికి. వాళ్ళది మంచి మనసే. నేను వద్దన్నాను. చంకకర్రలు వాళ్ళ చేతికిచ్చి, మెట్ల వైపు వీపు పెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాను. చేతులు వెనక ఆనించి, కుడికాలితో తన్ని, పై మెట్టు మీదికి జరిగాను. మళ్ళీ పై మెట్టు. చీర కుచ్చిళ్ళు ముందే పిన్నులు పెట్టి బిగించుకుని వచ్చాను.

సగం దూరం ఎక్కేసరికి మేనేజరు కిందికి దిగుతూ కనిపించాడు. పెద్దమనిషి, నన్ను చూసి ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాడు.

"మీరు వెళ్ళండి సార్," అని పక్కకి జరిగాను.

"అమ్మాయ్, కుర్చీలో తీసుకొస్తారు కదా."

"నేను వచ్చేస్తున్నాను సార్. బోర్డు దగ్గర ఉన్నమ్మాయికి చెప్పండి, నేను వచ్చేశానని."

ఆయన కిందికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, నాకన్నా ముందు పైకి వెళ్ళి చెప్పాడు. నేను పై మెట్టుకి చేరి అటెండర్లు అందించిన చంకకర్రల మీద లేచేసరికి చీర వెనకంతా దుమ్ము. ఆ దుమ్ము దులుపుకుని నడిచివెళ్ళి నా కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు కలిగిన గర్వం, మొదటి జీతం రోజున కూడా కలగలేదు.

మా బోర్డు పాతది. ఫోను వచ్చినప్పుడు ఒక చిన్న మూత టక్కున కిందికి పడేది. ప్లగ్గున్న తాడు తీసి ఆ కన్నంలో గుచ్చి మాట్లాడాలి, అవతలి వాళ్ళకి కలపాలి. మూత పడగానే పిక్క బిగించాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. "గుడ్ మార్నింగ్" అంటూనే బిగించేదాన్ని, కలిపాక వదిలేదాన్ని. ఖనిజం ఓడలు వచ్చిన రోజుల్లో మూతలు ఊపిరాడనిచ్చేవి కావు, కాలికి కూడా తీరిక ఉండేది కాదు. మధ్యాహ్నం భోజనం వేళ బోర్డు నిద్రపోయేది, అప్పుడు లేచి బల్ల పట్టుకుని నిలబడేదాన్ని. ఏ కెప్టెనుకి, ఏ గుమాస్తాకి ఫోను కలిపినా, వాళ్ళకి తెలియకుండా నా ఎముకకి ఒక పిలుపు వెళ్తోందని అనుకునేదాన్ని. అది నిజంగా పని చేసిందో లేదో చెప్పలేను. నాకు ధైర్యం మాత్రం ఇచ్చింది.

మధ్యలో తీసిన ఒక ఎక్స్‌రేలో అతుకు జాడ ఏమీ కనబడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాన్న కూడా తినలేదు. మరునాడు మామూలుగానే రిక్షా పిలిచాడు, నేను మామూలుగానే ఎక్కాను.

ఎండలు ముదిరాక తీసిన ఎక్స్‌రేని డాక్టరు కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూశాడు. మేడమ్‌ని పిలిచాడు. ఇద్దరూ చూశారు. తర్వాత నాన్నని దగ్గరికి రమ్మని వేలితో చూపించాడు. నల్లటి గీత ఉండాల్సిన చోట, దాని చుట్టూ, పల్చటి తెల్లమబ్బు తునకలాంటిది అల్లుకుని ఉంది.

"కొత్త ఎముక," అన్నాడు.

నాన్న ఇంకా దగ్గరికి వంగాడు. చొక్కా కొసతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అతికినట్టేనా బాబూ?"

"అతుకుతోంది. ఇంకా టైము పడుతుంది. కానీ ఇక ఆగదు."

ఆ వారమే వైద్య విద్యార్థులకి నా ఎక్స్‌రేలన్నీ వరసగా చూపించాడు. నన్ను కూడా కూర్చోబెట్టాడు. కండ పని చెయ్యని కాల్లో ఎముక ఎందుకు నెమ్మదిగా అతుకుతుందో వాళ్ళకి చెప్పాడు. ఒక కుర్రాడు లేచి, ఎముక ముక్కలు పేర్చడం వల్ల అతికిందా, నిలబడటం వల్లా అని అడిగాడు.

"దేని వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను," అన్నాడు డాక్టరు. "ముక్కలు పేర్చింది నేను. మిగిలిన పని ఈవిడ చేశారు. అది మాత్రం రాసుకోండి."

ఆయన నన్ను 'ఈవిడ' అన్నాడు. అంతవరకూ ఆసుపత్రిలో నేను ఫలానా మంచం, లేకపోతే పోలియో కేసు. ఇంటికొచ్చేదాకా ఆ మాట మననం చేసుకుంటూనే ఉన్నాను.

కట్టు తీశాక చూస్తే అతికిన చోట ఎముక ముడిలా లావుగా, చేతికి తగిలేలా ఉంది. దానికి పైనా కిందా పాత సన్నదనమే. పాత కాలిపర్ పట్టలేదు, కొత్తది చేయించుకున్నాను. నడక ఎప్పటిలాగే ఎగుడుదిగుడు. పిక్కలో ఆ చేప పిల్ల పెద్ద చేపేమీ కాలేదు. పాదాన్ని కదిలించే బలం దానికి ఏనాడూ రాలేదు. అయినా ఆఫీసు మెట్లు మాత్రం నిలబడి ఎక్కాను. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ. అటెండర్లిద్దరూ పైన నిలబడి, నేను చేరేదాకా లోపలికి వెళ్ళలేదు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నాకు పెళ్ళయింది. మా ఆయన గోదావరి జిల్లా నుంచి ఆ పనికి వచ్చినవాడు. ఆయన మొదట నా గొంతే విన్నాడు, ఫోనులో. దువ్వాడ దగ్గర ఇల్లు తీసుకున్నాం. నేను ఉద్యోగం మానలేదు. రోజూ బస్సులో రేవు దాకా వెళ్ళొచ్చేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు మా అత్తగారు భయపడింది, ఇద్దరి బరువు ఆ కాలు మొయ్యగలదా అని. నేను మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే తియ్యకూడదన్నాడు. ముడి ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కి, నా మొహం చూశాడు. నొప్పి లేదు.

"నడవండి," అన్నాడు. "దాన్ని ఖాళీగా మాత్రం కూర్చోబెట్టకండి."

కాన్పుకి నెల ముందు దాకా ఆఫీసుకి వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండబోతుండగా, నేను వంటింట్లో గట్టు దగ్గర నిలబడి ఉంటే, పాక్కుంటూ వచ్చి, నా కాలిపర్ కడ్డీలు రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడింది. నేను కదల్లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా, అది చాలనుకుని కూర్చునేదాకా ఆ కాలి మీద బరువేసి అలాగే నిలబడ్డాను.